మూడు సెకన్ల జ్ఞాపకం వెనుక

ఫోనుకు వచ్చిన ఆరంకెల ఓటీపీని ఒక్కసారి చూసి, దానిని మరో తెరమీద టైపు చేసేంతవరకూ తప్పు లేకుండా మనసులో ఉంచుకోగల మనిషి, అర నిమిషం తరువాత అదే సంఖ్యను ఎందుకు చెప్పలేడన్న ప్రశ్న, నాడీశాస్త్రంలో ఇప్పటికీ తేలని ఒక వివాదాన్ని కదిలిస్తుంది. పని పూర్తయ్యేదాకా మాత్రమే సమాచారాన్ని పట్టి ఉంచే ఈ శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. దీర్ఘకాల స్మృతి నాడీకణాల మధ్యనుండే సంధులలో నిర్మాణపరమైన మార్పుగా స్థిరపడుతుంది గాని, కొన్ని సెకన్ల జ్ఞాపకానికి అంత వ్యవధి ఉండదు.

అమెరికాలో ఫుస్టర్, అలెగ్జాండర్, జపాన్‌లో కుబోటా, నికీ 1971లో విడివిడిగా జరిపిన పరిశోధనలు ఆ జ్ఞాపకం ఎలా నిలుస్తుందన్నదానికి జవాబు నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఉందని సూచించాయి. 1989లో యేల్ విశ్వవిద్యాలయంలో ఫునహాషి, బ్రూస్, గోల్డ్‌మన్-రాకిచ్ చేసిన ప్రయోగం దానిని మరింత స్పష్టం చేసింది. కోతి తెర మధ్యనున్న బిందువునే చూస్తూ ఉండగా, చుట్టూ ఎనిమిది చోట్లలో ఒకచోట చిన్న వెలుగు అర సెకను మెరిసి మాయమవుతుంది; తరువాత మూడు సెకన్లు ఏ ఆధారమూ ఉండదు; మధ్యబిందువు ఆరగానే కోతి ఆ వెలుగు కనిపించిన చోటికి చూపు తిప్పాలి. ఆ ఖాళీ వ్యవధిలో కొన్ని కణాలు విద్యుత్ స్పందనలను వెలువరిస్తూనే ఉన్నాయి, ఒక్కో కణం ఒక్కో దిక్కుకు ప్రత్యేకించి స్పందించింది, కోతి పొరబడినప్పుడు ఆ స్పందన మధ్యలోనే ఆగిపోవడమో అసలు కనిపించకపోవడమో జరిగింది.

ఒక్కో స్పందన సుమారు ఒక మిల్లీసెకనులో ముగుస్తుంది కనుక, వెలుగు పోయాక కణాన్ని మూడు సెకన్లు నడిపిస్తున్నదేమిటన్నదే అసలైన సమస్య. ఒకే దిక్కుకు స్పందించే కణాలు గ్లుటమేట్ అనే రసాయనం ద్వారా ఒకదానినొకటి ప్రేరేపించుకుంటాయి. ఇతర దిక్కుల కణాలను నిరోధక కణాలు అణచిపెడతాయి. అయితే గ్లుటమేట్‌ను అందుకునే ఆంపా గ్రాహకాల ప్రభావం గడ్డిమంటలా కొద్ది మిల్లీసెకన్లలోనే చల్లారిపోతుంది. ఎన్‌ఎండీఏ అనే మరో రకం గ్రాహకం పిడకనిప్పులా సుమారు వంద మిల్లీసెకన్లు ప్రభావాన్ని నిలుపుతుందని, అది లేకుండా ఈ పరస్పర ప్రేరణ నిలకడగా సాగడం కష్టమని షావోజింగ్ వాంగ్ 1999లో గణిత నమూనాతో చూపాడు. ఈ గ్రాహకపు ద్వారాన్ని మామూలుగా ఒక మెగ్నీషియం అయాన్ మూసి ఉంచుతుంది. కణం అప్పటికే ఉత్తేజితమై ఉంటేనే అది తొలగుతుంది. కాబట్టి వెలుగును చూసి స్పందించిన కణాల మధ్యనే ప్రేరణ బలపడి, స్పందించని కణాలకు అంతగా వ్యాపించదు. ఇంత చిన్న అయాన్ మీద ఒక ఆలోచన నిలకడ ఆధారపడి ఉండడం జీవశాస్త్రపు అత్యద్భుతాలలో ఒకటి. 2013లో కోతుల మెదడులో ఈ గ్రాహకాలను నిరోధించినప్పుడు కణాల స్పందన నిజంగానే తగ్గిపోయింది. 2014లో విమ్మర్ బృందం మరో సూక్ష్మాన్ని బయటపెట్టింది: కణాలన్నిటిలో ఉత్తేజం అత్యధికంగా ఉన్న దిక్కు వ్యవధి చివరికి ఏ పక్కకు కొద్దిగా జరుగుతుందో, కోతి చూపు కూడా ఆ పక్కకే తప్పుతుంది.

నాడీశాస్త్రవేత్తలు ఎర్ల్ మిల్లర్, లుండ్‌క్విస్ట్ మాత్రం జ్ఞాపకం ఎడతెగని స్పందనలతోనే నిలుస్తుందన్న ఈ వివరణతో ఏకీభవించలేదు. ఒక్కొక్క ప్రయత్నాన్ని విడిగా చూస్తే స్పందనలు విడివిడి జల్లులుగానే కనిపిస్తాయని, అనేక ప్రయత్నాల సగటు వల్లనే అవి ఎడతెగనివిగా తోస్తాయని వారి వాదన. స్పందనల మధ్య విరామంలో జ్ఞాపకం ఎక్కడుంటుందన్నదానికి మోంజిల్లో, బరాక్, త్సోడిక్స్ 2008లోనే ఒక మార్గం చూపారు: నాడీతంతువు కొసలో పేరుకున్న కాల్షియం సుమారు ఒక సెకను పాటు ఆ సంధిని బలంగా ఉంచుతుంది. సగటు గీతలనే అచ్చువేసిన పాఠ్యగ్రంథాలు తప్పుదారి పట్టించాయన్న విమర్శ న్యాయమైనదే. అయినా దానినుంచి నిరంతర స్పందన అనవసరమని తేల్చడం తొందరపాటు. ఒక కణం మౌనంగా ఉన్న క్షణంలో దాని జట్టులోని మరొకటి స్పందిస్తూ ఉండవచ్చు, పైగా కాల్షియం ఆనవాలు చెరిగిపోకుండా ఉండాలంటే మళ్ళీ స్పందనలే కావాలి.

ఇంత లోతైన శాస్త్రం జనంలోకి జ్ఞాపకశక్తిని పెంచుతామనే మొబైల్ ఆటల ప్రకటనలుగా మాత్రమే చేరడం విచారకరం. ఆ ఆటలు సాధన చేసినవారు వాటిలోనే మెరుగుపడతారు తప్ప, ఆ నేర్పు చదువుకో లెక్కలకో బదిలీ అవుతుందనడానికి గట్టి ఆధారాలు లేవు.