నాటకం చూడడానికి డబ్బులిచ్చిన నగరం

గ్రీకుల గురించి మనమందరం సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. సోక్రటీస్, అలెగ్జాండర్, ఒలింపిక్ క్రీడలు పరీక్షల్లో వస్తాయి కాబట్టి గుర్తుంటాయి. గ్రీకు నాటకం దగ్గరకు వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతాం. ఆ నాటకాలు ఎక్కడ ఆడారు, ఎందుకు ఆడారు, ఖర్చు ఎవరు పెట్టారు అనే విషయాలు తెలుసుకుంటే మనలాంటి విద్యార్థులకు ఆలోచించవలసినది చాలా కనిపిస్తుంది.

దేవుని పండుగలో నాటకం

ఏథెన్స్ ప్రజలకు నాటకం రోజూ సాయంత్రం వెళ్ళి చూసే కాలక్షేపం కాదు. డయోనిసస్ అనే దేవుని పండుగలో అది ఒక భాగం. డయోనిసస్ ద్రాక్షతోటలకు, ద్రాక్ష మద్యానికి అధిదేవత. ఆయన పేరున చలికాలంలో పల్లెల్లోను, పట్టణంలోను పండుగలు జరిగేవి. అన్నింటిలోకి పెద్దది మార్చి నెలాఖరు ప్రాంతంలో వచ్చే 'నగర డయోనిసియా'. చలి తగ్గి సముద్రం మీద ఓడలు తిరగడం మొదలయ్యే రోజులు కాబట్టి ఇతర నగరాల వారు కూడా వచ్చేవారు. దేవుని విగ్రహాన్ని ఊరేగించేవారు, ఎద్దులను బలి ఇచ్చేవారు, ఆ తర్వాత పోటీలు జరిగేవి.

అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలు మీద, డయోనిసస్ గుడి పక్కనే నాటకశాల ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో జనం కొయ్య బల్లల మీద కూర్చొని చూశారు. ఇప్పుడు ఫోటోల్లో మనం చూసే రాతి మెట్లకు మూలం క్రీ.పూ. 4వ శతాబ్దంలో కట్టిన నాటకశాల.

పోటీలు ఎలా జరిగేవి?

ఏథెన్స్ పౌరులు 10 తెగలుగా ఉండేవారు. ఒక్కొక్క తెగ నుండి 50 మంది పెద్దల బృందం, 50 మంది బాలుర బృందం బృందగానంలో పోటీపడేవి. అంటే ఈ ఒక్క పోటీకే 1000 మంది పాడి ఆడేవారు. వీరందరూ మామూలు పౌరులే. తర్వాత ముగ్గురు కవులు తలా మూడు విషాద నాటకాలు, ఒక హాస్య ప్రధానమైన చిన్న నాటకం ప్రదర్శించేవారు. వీటికి తోడు సాధారణంగా ఐదుగురు కవుల ప్రహసనాలు ఉండేవి. నటులందరూ మగవారే. ముఖానికి మాస్కులు పెట్టుకొని ఆడ పాత్రలు కూడా వారే వేసేవారు.

న్యాయనిర్ణేతలను చీటీలు తీసి ఎంపిక చేసేవారు. తెగకు ఒకరు చొప్పున 10 మంది. గెలిచిన కవికి ఐవీ తీగ ఆకుల కిరీటం పెట్టేవారు.

ఖర్చు ఎవరిది?

ప్రభుత్వం ప్రతి ఏటా కొందరు ధనవంతులను ఎంపిక చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క బృందాన్ని అప్పగించేది. శిక్షణ, దుస్తులు, భోజనం ఖర్చు అంతా ఆ ధనవంతుడే భరించాలి. ఇది చందా కాదు, బాధ్యత. క్రీ.పూ. 472లో ఎస్కిలస్ రాసిన 'పర్షియన్లు' నాటకానికి ఖర్చు పెట్టింది పెరిక్లిస్. అప్పటికి ఆయన యువకుడు.

మరి చూసేవారి సంగతి? ప్రవేశానికి రెండు ఓబొల్ నాణేలు ఇవ్వవలసి ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దం చివర కట్టడాల దగ్గర పనిచేసిన వారి రోజు కూలి 6 ఓబొల్‌లు. అంటే ఒక్క రోజు నాటకానికి కూలిలో మూడో వంతు పోతుంది. కుటుంబం ఉన్నవాడు పండుగ అన్ని రోజులూ ఎలా వెళ్ళగలడు? అందుకే క్రీ.పూ. 4వ శతాబ్దం నాటికి ప్రభుత్వం ఒక నిధి పెట్టి పౌరులకు ఆ డబ్బులు పంచింది. డబ్బు లేదన్న కారణంతో పౌరుడు పండుగకు దూరం కాకూడదన్నది దాని ఉద్దేశం.

నాటకశాలలో అనాథ పిల్లలు

మమ్మల్ని అన్నింటికన్నా ఎక్కువగా కదిలించిన విషయం మరొకటి ఉంది. యుద్ధంలో చనిపోయిన పౌరుల కొడుకులను ఏథెన్స్ ప్రభుత్వం తన ఖర్చుతో పెంచేది. వారు యుక్తవయసుకు వచ్చాక, విషాద నాటకాలు మొదలయ్యే ముందు, నిండిన నాటకశాలలోకి తీసుకువచ్చేవారు. వీరి తండ్రులు యుద్ధంలో మరణించారని, వీరిని ప్రజలే పెంచారని ప్రకటించేవారు. ప్రభుత్వమే కవచం, డాలు, ఆయుధాలు ఇచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టేది. ఆ సామగ్రి పేదవాడు సొంతంగా కొనగలిగేది కాదు.

ప్రజల సొమ్ముతో పెరిగిన పిల్లలను ఆ నగరం ఒక మూల దాచలేదు, దయ చూపామని చెప్పుకోలేదు. వేలమంది ఎదుట గౌరవించింది.

ప్రశ్నించిన రంగస్థలం

ఇంత ఖర్చు పెట్టిన ప్రభుత్వాన్ని నాటకాలు పొగుడుతూ కూర్చోలేదు. పర్షియన్ల మీద యుద్ధంలో గెలిచిన 8 ఏళ్ళకే ఎస్కిలస్ ఓడిన శత్రువుల దుఃఖాన్ని రంగస్థలం మీద చూపించాడు. స్పార్టాతో యుద్ధం జరుగుతుండగా క్రీ.పూ. 425లో అరిస్టోఫేనిస్ ఒక ప్రహసనం రాశాడు. అందులో మామూలు రైతు ఒకడు యుద్ధం భరించలేక, తన ఒక్కడి కోసమే శాంతి ఒప్పందం చేసుకుంటాడు. దానికి మొదటి బహుమతి వచ్చింది. మీలోస్ ద్వీపాన్ని ఓడించిన ఏథెన్స్ అక్కడి మగవారిని చంపి, స్త్రీలను, పిల్లలను బానిసలుగా అమ్మింది. ఆ వెంటనే క్రీ.పూ. 415 వసంతంలో యూరిపిడిస్ 'ట్రోజన్ స్త్రీలు' నాటకంలో ఓడిన నగరపు స్త్రీల గోడు వినిపించాడు.

అన్నిసార్లూ నగరం ఓర్చుకోలేదు. మిలెటస్ నగర పతనం మీద ఫ్రినికస్ రాసిన నాటకం చూసి జనం ఏడ్చారు. ఆయనకు 1000 డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకాన్ని ఇక ఎవరూ ఆడకూడదన్నారు.

వెలుపల ఉండిపోయినవారు

ఈ గొప్పతనానికి ఒక హద్దు ఉంది. నాటకాల్లో స్త్రీలు మహారాణులుగా, వీరవనితలుగా మాట్లాడతారు, కాని ఆ మాటలు పలికింది మగవారు. సభలో ఓటు వేసే హక్కు స్త్రీలకు లేదు. ఏథెన్స్‌లో స్థిరపడిన పరదేశీయులు ఎర్రని వస్త్రాలతో ఊరేగింపులో నడవాలి, కాని నగర డయోనిసియా బృందాల్లో చేరడానికి వీల్లేదు. పంచిన డబ్బులు పౌరులకే. లారియం వెండి గనుల్లో రాళ్ళు కొట్టిన బానిసల శ్రమ ఆ నగర సంపదలో ఉంది, ఆ నిధిలో మాత్రం వారికి వాటా లేదు.

మిత్రులారా! మన హాస్టల్లో తిండి, పుస్తకాలు, దుప్పట్లు ప్రజల సొమ్ముతో వస్తున్నాయి. అందుకు తలవంచుకోవలసిన పని లేదని ఏథెన్స్ పిల్లలు ముందు వరుసలో కూర్చొని చెప్తున్నారు. వరుసల్లో చోటు దొరకనివారు ఎవరని అడగడం కూడా ఆ చరిత్ర నుండే నేర్చుకోవాలి. ఈ వార్షికోత్సవానికి మనం ఏ నాటకం వేసినా ఆ ప్రశ్న అందులో ఉండాలని మా కోరిక.