మొహమాటం వద్దు... కాగితం చూపించమనండి!

చీర కొనేటప్పుడు మడత విప్పి, అంచు తిరగేసి, వెలుతురులోకి తీసుకెళ్లి మరీ చూస్తాం. కందిపప్పు కొంటే గుప్పెట్లో పోసుకుని పుచ్చు వుందేమోనని వెదుకుతాం. పనిమనిషిని పెట్టుకునే ముందు నాలుగిళ్లలో వాకబు చేస్తాం. అలాంటి మనం కన్నతల్లినో, మామగారినో, తన పని తాను చేసుకోలేని బిడ్డనో ఒక ఆశ్రమంలో చేర్చాల్సి వచ్చినప్పుడు మాత్రం నోరు మెదపం! గేటు దగ్గర పూలమొక్కలు, హాల్లో దేవుడి పటం, 'మీరేం దిగులు పెట్టుకోకండమ్మా' అనే ఒక్క మాట... అంతే, డబ్బు కట్టి, సంతకం పెట్టి వచ్చేస్తాం.

పెద్దవాళ్లను ఆశ్రమంలో చేర్చడం తప్పా, ఒప్పా అనే చర్చ ఇక్కడ పెట్టడం లేదు. పిల్లలు విదేశాల్లో వుంటారు, ఇంట్లో మంచాన పడ్డ మనిషి, చూసుకునే ఆడమనిషికే నడుంనొప్పి... ఎవరి కష్టం వాళ్లకే తెలుసు. చేర్చక తప్పనప్పుడు, ఎలాంటి చోట చేరుస్తున్నాం అన్నదే అసలు సంగతి. ఆశ్రమం నడిపేవాళ్లు చట్టప్రకారం నడుపుతున్నారా అని అడిగే హక్కు మనకుంది.

ఎర్వాడి గొలుసులు

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగుల కోసం నడిపే ఒక ప్రైవేటు ఆశ్రమంలో తెల్లవారుజామున నిప్పంటుకుంది. అది పూరిపాక. లోపలివాళ్లను గొలుసులతో కట్టేసి వుంచారు. తప్పించుకునే దారి లేక 28 మంది చనిపోయారు. వాళ్లను అక్కడ వదిలింది పగవాళ్లు కాదు, నయమవుతుందని నమ్మిన ఇంటివాళ్లే!

ఆ తర్వాత సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. ఇప్పుడున్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. అలాంటి కేంద్రాలకు రిజిస్ట్రేషన్ వుండి తీరాలి.

'అది ఎప్పటి మాటో, ఎక్కడి మాటో' అనుకోవద్దు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారు నాగారంలో ఒక ఆశ్రమం నుంచి 70 మందికి పైగా బయటికి తీసుకొచ్చారు. అక్కడా గొలుసులతో కట్టేసేవాళ్లని, కొట్టేవాళ్లని ఆరోపణలు వచ్చాయి.

గోడ మీద వుండాల్సిన సర్టిఫికెట్

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో వుంది. దీని ప్రకారం దివ్యాంగుల కోసం ప్రైవేటు సంస్థ ఏది నడపాలన్నా రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ సర్టిఫికెట్‌ను అందరికీ కనిపించేచోట పెట్టాలి. అంటే, మనం అడగక ముందే అది గోడ మీద వుండాలన్నమాట! నిబంధనలు పాటించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు.

మా వీధిలో ఒకావిడ, మాట సరిగా రాని తన ఇరవయ్యేళ్ల కొడుకును చేర్చడానికి ఒకచోటికి వెళ్లింది. సర్టిఫికెట్ చూపించమంటే మేనేజరు మొహం ముడుచుకుని, "మా మీద నమ్మకం లేదామ్మా?" అన్నాడట. ఆవిడ తొణక్కుండా, "నమ్మకం వుంది గనకే వచ్చాను సార్. కాగితం కూడా చూస్తే రాత్రి నిద్ర పడుతుంది" అంది. కాగితం బయటికి రాలేదు. ఆవిడ కొడుకుని చేర్చలేదు. ఎంత చక్కటి జవాబో చూడండి!

వృద్ధాశ్రమాల సంగతి వేరు

2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి చోటుండే ఆశ్రమాలను రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చని చెప్పింది. కానీ ప్రైవేటు వృద్ధాశ్రమాలన్నీ రిజిస్టరు కావాలనే మాట ఆ చట్టంలో లేదు. ఆ మాట చేర్చడానికి 2019లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు గానీ, అది చట్టం కాకుండానే 2024లో సభ గడువుతో పాటే మురిగిపోయింది. రాష్ట్రాల నిబంధనలు రాష్ట్రానికో రకం. కాబట్టి చేర్చే ముందు జిల్లా సంక్షేమ కార్యాలయంలో ఆ ఆశ్రమం గురించి ఒకసారి వాకబు చేయడం మంచిది.

ఇక్కడే ఒక కిటుకు వుంది. కొందరు సొసైటీగానో, ట్రస్టుగానో రిజిస్టరయిన కాగితం చూపించి 'ఇదేనమ్మా లైసెన్సు' అంటారు. సంస్థ పుట్టిందని చెప్పే కాగితం అది. లోపల మనుషుల్ని ఎలా చూస్తున్నారో తనిఖీ చేసి ఇచ్చింది కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

ఆస్ట్రేలియా వాళ్లు నేర్చుకున్నది

మన తెలుగమ్మాయిలు నర్సులుగా, సహాయకులుగా పనిచేస్తున్న ఆస్ట్రేలియాలో కూడా వృద్ధుల కేంద్రాల్లో ఘోరాలు బయటపడ్డాయి. 2018లో అక్కడి ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. 2021లో వచ్చిన నివేదికలో 148 సిఫార్సులు వున్నాయి. ఆ తర్వాత కట్టుబాట్లు బిగించారు. 2023 జూలై నుంచి అర్హత గల నర్సు 24 గంటలూ వుండాలన్నారు. 2024 అక్టోబరు నుంచి ఒక్కొక్కరికి రోజుకు సగటున 215 నిమిషాల సేవ అందాలి, అందులో 44 నిమిషాలు నర్సు చేతి మీదుగా. కొట్టడం, నిర్లక్ష్యం లాంటి తీవ్ర సంఘటన జరిగితే 24 గంటల్లోపు ప్రభుత్వానికి చెప్పాలి. కొత్త చట్టం 2025 నవంబరు 1న అమల్లోకి వచ్చింది.

మన దగ్గర ఈ లెక్కలు లేకపోవచ్చు. కానీ అవే మనం అడగాల్సిన ప్రశ్నలు కదా!

చేర్చే ముందు అడగండి

* రిజిస్ట్రేషన్ కాగితం ఏది? ఎవరిచ్చారు, గడువు ఎప్పటిదాకా?
* రాత్రిపూట ఎంతమందికి ఎంతమంది సహాయకులు? నర్సు వుంటుందా?
* మందులు ఎవరు ఇస్తారు, ఎక్కడ రాస్తారు? జబ్బు చేస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు?
* నిప్పంటుకుంటే మంచాన పడ్డవాళ్లను బయటికి తెచ్చే దారి ఏది? రాత్రి తలుపులకు తాళం వేస్తారా?
* డిపాజిట్ ఎంత, వెళ్లిపోతే ఎంత తిరిగిస్తారు? రశీదు, ఒప్పందం రాతపూర్వకంగా వుండాలి.
* ముందుగా చెప్పకుండా ఎప్పుడైనా చూడటానికి రావచ్చా?

చివరి ప్రశ్నకు 'రాకూడదు' అంటే లేచి వచ్చేయండి. రమ్మంటే ఒకరోజు భోజనాల వేళకు వెళ్లి చూడండి. పప్పు ఎంత పలుచనో, పక్కదుప్పటి వాసన ఎలా వుందో మన ముక్కుకు, కంటికి తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

ఇల్లో, పొలమో ఆశ్రమానికి రాసిచ్చే పెద్దవాళ్లు కూడా వున్నారు. అలా రాసేటప్పుడు 'జీవితాంతం చూసుకోవాలి' అనే షరతు దస్తావేజులో వుండాలి. చూసుకోకపోతే, 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి ఆ బదిలీని రద్దు చేయించవచ్చు.

తేడా కనిపిస్తే

ఒంటి మీద దెబ్బలు, ఉన్నట్టుండి చిక్కిపోవడం, మనం వెళ్తే మాట్లాడడానికి భయపడటం... వీటిని 'వయసు వల్లలే' అని కొట్టిపారేయకండి. పెద్దవాళ్ల విషయంలో 14567 హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. దివ్యాంగులను హింసిస్తున్నారని తెలిస్తే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు, అంటే తహసీల్దారు, ఆర్డీఓ లాంటి అధికారికి ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, బంధువే కానక్కర్లేదు. తమ సంరక్షణలో వున్న దివ్యాంగుడికి కావాలని తిండి, నీళ్లు మానిపిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలుశిక్ష వుంది. డబ్బు కట్టించుకుని సేవ చేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు.

మరి మన బాధ్యత? సంరక్షించాల్సిన వాళ్లే వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వుంటాయి. చేర్చడంతో మన పని అయిపోలేదు.

బాగా నడిపే ఆశ్రమాలు లేకపోలేదు. అలాంటివాళ్లు కాగితం అడిగితే చిన్నబుచ్చుకోరు, కుర్చీ వేసి మరీ చూపిస్తారు. నోరు తెరిచి అడగలేని మనిషి తరఫున అడగాల్సింది మనమే. ఆ ఒక్కరోజు మొహమాటం పక్కన పెడదాం!