అద్దం వెనుక బంగారు రేకు: తడిగుడ్డ తగిలితే గోవిందా!

పండగ వస్తోందంటే పల్లెల్లో ఇల్లు దులపటం, సున్నాలు వేయటం, దేవుడి పటాలు దించి తుడవటం మామూలే. ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. అదే ఊపులో పాత గాజు పటాన్ని విప్పి, వెనుక వైపు తడిగుడ్డ పెట్టారో, తాతల నాటి బొమ్మ కాస్తా ఆ గుడ్డకే అంటుకుని వచ్చేస్తుంది. ఎందుకంటే ఆ బొమ్మ కాగితం మీద లేదు. రంగులతో, లోహపు రేకుతో అద్దం వెనుకే నేరుగా వేసినది.

పాత లోగిళ్లలో దేవుడి గదుల్లో ఉన్న వెన్నకృష్ణుడు, పట్టాభిరాముడు, లక్ష్మీదేవి పటాల్లో ఇటువంటివి ఉండవచ్చు. వీటిలో కిరీటం, నగలు, మంటపం స్తంభాలు దీపం వెలుగు పడగానే మెరుస్తాయి. ఆ మెరుపు అద్దం వెనుక అంటించిన రేకుది.

అంతా తిరగేసిన పని

మామూలు బొమ్మకు మొదట వెనుక రంగు, తరువాత ముఖం, చివర కళ్లు, నగలు దిద్దుతారు. గాజు పటానికి వరస తారుమారు. కంటిపాప, బొట్టు, ముక్కుపుడక ముందు వేయాలి. ఆపైన ముఖం రంగు, బట్టలు, అన్నిటికీ చివర వెనుక తెర. ముఖం రంగు పడ్డాక కన్ను సరిదిద్దుదామంటే కుదరదు. పేరు రాయాలన్నా అక్షరాలు తిరగేసి రాయాల్సిందే. నగలు ఉండాల్సిన చోట రంగు వేయకుండా వదిలి, దాని వెనుక మెరుపు రేకు అంటించటం తంజావూరు గాజు పటాల పద్ధతి.

ఈ విద్య చాలా పాతది. రోమ్ నగరంలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల నాటికే రెండు గాజు పొరల మధ్య బంగారు రేకు బొమ్మలు చేశారు. ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని 1400 ప్రాంతంలో రాసిన పుస్తకంలో, గుడ్డు తెల్లసొనతో అద్దానికి బంగారు రేకు అంటించి సూదితో బొమ్మ గీసే విధానం వివరించాడు.

మన దేశానికి అద్దం బొమ్మలు 18వ శతాబ్దంలో చైనా వర్తకం వెంట వచ్చాయి. తంజావూరులో మరాఠా రాజుల ఏలుబడిలో ఈ పని బాగా సాగింది. తంజావూరు చిత్రాలు వేసిన కుటుంబాల్లో తెలుగుదేశం నుంచి తరలివెళ్లిన రాజులు కూడా ఉన్నారు. 1894లో రవివర్మ ముద్రణాలయం బొంబాయిలో మొదలైంది. అచ్చు పటాలు చవకగా ఇల్లిల్లూ చేరటంతో చేతి పటాలకు గిరాకీ తగ్గింది.

ఊపిరి తగిలినా ఎగిరిపోయే రేకు

అసలు బంగారంతో చేసే పని మరీ సున్నితం. బంగారాన్ని సాగగొట్టి చేసే రేకు ఎంత పలుచనంటే, సుమారు పదివేల రేకులు పేరిస్తే ఒక మిల్లీమీటరు మందం. ఒక గ్రాము బంగారంతో దాదాపు 5 చదరపు అడుగుల అద్దాన్ని కప్పవచ్చు. చేత్తో పట్టుకుంటే చేతికే అతుక్కుని చిరిగిపోతుంది. అందుకే ఉడుత వెంట్రుకల వెడల్పు కుంచెను చెంపకు ఒకసారి రాసి, ఆ కొద్దిపాటి జిడ్డుతో రేకును పైకెత్తుతారు.

ముందుగా అద్దాన్ని సుద్దపొడితో రుద్ది జిడ్డు లేకుండా చేస్తారు. అరలీటరు వేడినీటిలో ఒకటి రెండు ఖాళీ మందు గొట్టాలు, అంటే జెలటిన్ గొట్టాలు, కరిగిస్తే అదే జిగురు. దాన్ని అద్దానికి ధారాళంగా పూసి రేకును దగ్గరకు తెస్తే, తడి అద్దమే దాన్ని లాక్కుంటుంది. మొదట మసకగా ఉన్నది ఆరేకొద్దీ అద్దంలా మెరుస్తుంది. దూదితో మెల్లగా రుద్ది, చిల్లులు పడ్డచోట రెండో పొర వేస్తారు. ఉండాల్సిన బొమ్మ మీద వెనుక నుంచి రంగు పూసి ఆరనిచ్చి, మిగిలిన బంగారాన్ని తడి దూదితో తుడిచేస్తారు. తడికి ఆ జిగురు ఎంత తేలికగా వదిలిపోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మెరిసేదంతా బంగారమూ కాదు. రాగి, తుత్తునాగం కలిపిన ఇత్తడి రేకు చవక, అయితే గాలి సోకితే నల్లబడుతుంది. వెండి రేకుదీ అదే తంతు. అల్యూమినియం రేకు నల్లబడదు. కొత్త ఇంటి పూజగది తలుపులకు ఇలాంటి అద్దం చేయించుకునేవారు ఏ రేకు వేస్తున్నారో ముందే అడిగి తెలుసుకోవాలి. వెనుక వార్నిష్ పూత తప్పక వేయించాలి.

మీ ఇంట్లో ఉందా?

పటాన్ని ఏటవాలుగా చూడండి. అచ్చు కాగితానికీ అద్దానికీ మధ్య సన్నని సందు కనిపిస్తుంది. గాజు పటంలో రంగు అద్దాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. అలాంటిదైతే కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

ముందు వైపు పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు. నీళ్లు చల్లకూడదు, అంచుల్లోంచి తడి లోపలికి దిగుతుంది. వెనుక చెక్కను సొంతంగా విప్పవద్దు. చెమ్మ గోడకు ఆనించకుండా, చట్రం వెనుక రెండు బెండు ముక్కలు పెట్టి గాలి ఆడనివ్వాలి. ఎండ తగిలే చోట, దీపం సెగ తగిలే చోట ఉంచరాదు. రంగు పొలుసులు లేస్తుంటే అద్దం కిందికి, వెనుక వైపు పైకి ఉండేలా బల్ల మీద పరుండబెట్టాలి. అద్దం పగిలినా ముక్కలు పారేయక వరసగా దాచాలి. వాటి మీదే బొమ్మ ఉంది.

చట్రం చెక్క పుచ్చిందని పటాన్ని పాత సామాన్లవారికి స్టీలు గిన్నె బదులుగా ఇచ్చేస్తే, మళ్లీ అటువంటిది దొరకదు. అచ్చు పటం పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. చేత్తో వేసిన ఈ పటం ఎప్పుడూ ఒక్కటే ప్రతి.

ఫ్లెక్సీలు వచ్చాక పని తగ్గిన బోర్డు ఆర్టిస్టులు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు. కుంచె తిప్పటం తెలిసిన చేతికి ఈ పని కొత్తేమీ కాదు, ఓపిక కావాలి. ఇంటి పేరు పలకకో, పూజగది తలుపుకో చిన్న అద్దం ముక్క వారి చేత వేయించి చూస్తే, వారికి నాలుగు రూపాయలూ వస్తాయి, పాత పటం చెడితే చూడగల మనిషీ ఊళ్లోనే తయారవుతాడు.