మేస్త్రిని నమ్ముట ఎట్లు?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అన్న సామెత ఖర్చును గురించినదని మనము భావింతుము. అందులో మరియొక అర్థము కూడ ఉన్నది. రెండింటను మన సొమ్ముతోపాటు నమ్మకమును కూడ పరుల చేతిలో పెట్టవలసి యుండును.

రంగారెడ్డి జిల్లా షాబాద్ మండలములోని చందనవెల్లిని తీసికొందము. పూర్వము ఇట్టి పల్లెలలో గోడ పెట్టిన సుతారి మేస్త్రి ఆ ఊరివాడో, పొరుగూరివాడో అయి యుండెడివాడు. వానకు గోడ జారినచో మరునాడు యజమానికి ఎదురుపడక తప్పదు. ఆ మొగమాటమే ఆనాటి పూచీ. నేడు ఆ ఊర పారిశ్రామికవాడ వెలసినది, కర్మాగారములు లేచినవి. మేస్త్రులు నేడిక్కడ, రేపు నగరమున. కనుక ఇల్లు బాగుచేయించుకొనువారు ఆ మొగమాటమునకు బదులు వేరొక పూచీని వెదకుకొనవలెను.

మొదటిది, పాత పని. రెండు మూడు వానకాలములు చూచిన ఇల్లే మేస్త్రికి సరియైన సాక్షి. స్లాబు అడుగున చెమ్మ దిగినదా, గిలాబు పగిలినదా యని ఆ ఇంటివారినే అడుగవలెను. అందరికన్న తక్కువ ధర చెప్పినవాడు దేనిని తగ్గించునో ముందే తెలిసికొనవలెను.

రెండవది, మూతపడు పని. గిలాబు చేసిన పిదప ఇటుక, స్లాబు పోసిన పిదప ఇనుము కంటికి కానరావు. మోసమునకైనను, అశ్రద్ధకైనను చోటు అచ్చటనే. కప్పకముందే చూడవలెను. మంచి ఇటుకలు రెండు తాకించిన ఖంగున మ్రోగును. గోటితో గీచిన గీత పడదు. ఈ పరీక్షను విద్యార్థులు కూడ చేయవచ్చును. ఇంటి స్లాబుకు సాధారణముగా వాడు ఎమ్-20 కాంక్రీటులో, భారతీయ ప్రమాణముల ప్రకారము, 50 కిలోల సిమెంటు బస్తాకు 30 లీటర్లకు మించి నీరు కలుపరాదు. పని సులువగునని ఎక్కువ పోసినచో బలము తగ్గును. గట్టిపడిన పిదప మాత్రము కనీసము 7 దినములు, ఎండ తీవ్రమైనచో 10 దినములు తడుపవలెను. కలుపునపుడు పిసినారితనము, తడుపునపుడు ఔదార్యము ఉండవలె నన్నమాట!

మూడవది, కాగితము. పని వివరము, కొలతలు, సామగ్రి, గడువు, దశలవారీ చెల్లింపు వ్రాసికొని ఇరువురును సంతకము చేయవలెను. గృహనిర్మాణము 1993లో వినియోగదారుల రక్షణ చట్టమున సేవగా చేరినది. 2019 నాటి చట్టమునను అట్లే ఉన్నది. లోపము కలిగినచో రెండేండ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేయవచ్చును. అప్పుడు ఆ కాగితము, రసీదులే ఆధారము.

ఆ కాగితము మేస్త్రికి కూడ రక్షణయే. దినమున కొక మార్పు చెప్పి, కూలి నిలిపివేయు యజమానులు లేకపోలేదు. చేసిన పనికి వేళకు సొమ్ము అందినపుడే మంచి పనివాడు నిలుచును. ఎన్నో ఏండ్లు కూడబెట్టిన జీతపు సొమ్ముతో వేయు స్లాబు క్రింద రేపు పిల్లలు నిద్రింతురు. అడుగుటకు సంకోచింప దగిన వేళ అది కాదు.