ఇసుకలో దాఁగిన రేవుపట్టణము – లెప్టిస్ మాగ్నా

పూడిక తీయని చెఱువు ఎట్టి గతి పొందునో మీకు నేను చెప్ప నక్కఱలేదు. ఒక మహాపట్టణపు రేవునకును అట్టి గతియే పట్టిన వృత్తాంతమును నేఁడు మనవి చేసెదను.

ఆఫ్రికాఖండపు ఉత్తరతీరమున, లిబియా దేశములో, ట్రిపోలీ నగరమునకు తూర్పుగా సుమారు 120 కిలోమీటర్ల దూరమున లెప్టిస్ మాగ్నా శిథిలములు కలవు. క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దప్రాంతమున ఫినీషియా వర్తకులు అచ్చట నొక యేటిమొగను చూచి, నావలు నిలుపుటకు అనువైన చోటని నివాస మేర్పఱచుకొనిరి. ఆ యేఱు వానలు కురిసినపుడు మాత్రమే పాఱునది. పరిసరములందు నూనె నిచ్చు ఆలివుతోఁటలు విస్తారముగా నుండెను. క్రీ. పూ. 46లో రోమకవీరుఁడు జూలియస్ సీజరు, ఆ పురవాసులు తన శత్రువులకు తోడ్పడిరని కోపించి, ఏఁటేఁట 30 లక్షల పౌనుల నూనెను కప్పముగా విధించెను. దీనినిబట్టి వారి సంపద నూహింపవచ్చును.

క్రీ. శ. 145లో ఆ యూరఁ బుట్టిన సెప్టిమియస్ సెవెరస్ 193లో రోమక చక్రవర్తి యయ్యెను. జన్మభూమిపై మమకారముతో ఆతఁడు చలువఱాతి స్తంభములుగల సభాప్రాంగణమును, న్యాయమందిరమును కట్టింపఁబూనెను. 211లో ఆతఁడు మరణింపఁగా, కుమారుని కాలమున 216లో ఆ మందిరము పూర్తియయ్యెను. రేవునకును ఇరుప్రక్కల సముద్రములోనికి కట్టలు పోయించి, దీపస్తంభము నెత్తించిరి.

చిక్కు ఇచ్చటనే కలిగెను. వఱదతో మన్ను తెచ్చుట ఆ యేటి స్వభావము. దానిని ప్రక్కకు మరలించుటకు పట్టణమునకు ఎగువన అడ్డుకట్టయు, కాలువయు నుండెను. అయినను రేవును చుట్టి కట్టినందున లోపలి నీటికి కదలిక తగ్గి, పూడిక మునుపటికంటె హెచ్చెను. తూర్పువైపున నావలు కట్టు రాతిగట్టులు నేఁటికిని క్రొత్తవానివలె నున్నవి; వానిపై సరకు దిగిన దినములు మిక్కిలి తక్కువ. ఛాయాపటములలో చూచునపుడు, ఎత్తైన స్తంభములకంటె అరుగని యా గట్టులే నన్ను ఎక్కువగా ఆలోచింపఁజేయును.

నాలుగవ శతాబ్దమున ఎడారిజాతులవారు దండెత్తిరి. ఐదవ శతాబ్దమున వాండలులు ప్రాకారములను కూల్చిరి. కట్టలను కాచువారు లేకపోఁగా వఱదలు వీధులలో మన్ను పఱచెను. గాలి దానిపై ఇసుకను కప్పెను. పైకి కనఁబడిన స్తంభములను పదునేడవ శతాబ్దము చివర ఫ్రెంచివారును, పందొమ్మిదవ శతాబ్దమున ఆంగ్లేయులును ఓడల కెక్కించుకొని పోయిరి. ఇసుక క్రింద నున్నవి దక్కెను. 1920 తరువాత ఇటలీవారు వానిని త్రవ్వి వెలికిఁ దీసిరి. 1982లో యునెస్కో సంస్థ ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించెను.

కట్టించుట ఒక తరమువారి పని. కాచుట ప్రతి తరమువారి పని. గ్రామపెద్దలైన మీరు, ఈ యేఁటి వానలకు ముందే, మీ చెఱువుకట్టను, తూమును ఒకమాఱు నడచి చూడుఁడని నా ప్రార్థన.