వార్తల్లో పదం: ఫేజ్ ఫీల్డ్

కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు అందులోని స్ఫటికాలు కొమ్మలు, రెమ్మలు వేస్తూ పెరుగుతాయి. వీటిని డెండ్రైట్లు అంటారు. పోతపోసిన వస్తువు ఎంత గట్టిగా ఉంటుందన్నది చాలావరకు ఈ అల్లిక మీదే ఆధారపడుతుంది. మూసలోకి తొంగిచూడలేం కాబట్టి ఆ పెరుగుదలను కంప్యూటర్‌లో నడిపి చూస్తారు. అందుకు వాడే పద్ధతుల్లో పేరున్నది ఫేజ్ ఫీల్డ్.

ముందు ఈ కొమ్మలు ఎలా పుడతాయో చూద్దాం. మిశ్రమలోహంలో గడ్డకట్టిన భాగం, తనలో ఇమడని మూలకాన్ని ద్రవంలోకి నెట్టేస్తుంది. అది ఘన, ద్రవాల సరిహద్దు దగ్గర పేరుకుని గడ్డకట్టడాన్ని మందగింపజేస్తుంది. ఎక్కడో ఒక బుడిపె కాస్త ముందుకు పొడుచుకొచ్చిందనుకోండి, దానికి తాజా ద్రవం అందుతుంది, ఇంకా జోరుగా పెరుగుతుంది. ఉపరితల శక్తేమో దాన్ని చదును చేయాలని చూస్తుంది. ఈ పెనుగులాటకు 1960లలోనే శాస్త్రవేత్తలు మలిన్స్, సెకెర్కా లెక్క కట్టారు.

అయితే క్షణానికో వంకర తిరిగే సరిహద్దు వెంట పరుగెత్తడం కంప్యూటర్‌కు పెద్ద తలనొప్పి. ఫేజ్ ఫీల్డ్ ఆ గీతనే వదిలేస్తుంది. ప్రతి బిందువుకూ ఒక అంకె: ఘనమైతే 1, ద్రవమైతే 0, మధ్యలో మెల్లగా మారే విలువలు. తెలివైన ఉపాయమే!

1993లో ర్యో కొబయాషి ఈ పద్ధతితో కంప్యూటర్‌లో కొమ్మలు మొలిపించారు. 1995లో వారెన్, బోటింగర్ దాన్ని నికెల్-రాగి మిశ్రమానికి అన్వయించారు. 2011లో టోక్యోలోని సుబామే 2.0 సూపర్‌కంప్యూటర్‌పై 4,000 జీపీయూలతో (గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో) చేసిన డెండ్రైట్ల అనుకరణకు సూపర్‌కంప్యూటింగ్ రంగంలో ఇచ్చే గోర్డన్ బెల్ పురస్కారం దక్కింది.