పలకకు ముందు పలుకు

దొనకొండ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద ఒక అవ్వ. ఆమె చంకలో ఏడాదిన్నర మనవడు. వినుకొండ వైపు నుంచి కూత వినబడగానే వాడి చూపుడు వేలు లేచింది.

"లైలు!"

"అవును సామీ, రైలే! పే...ద్ద రైలు! రైల్లో ఎవరొస్తన్నారు?"

అంతవరకు అని అవ్వ ఆగింది, వాడి మొహంలోకే చూస్తూ. వాడు కాసేపు రైలును చూశాడు, అవ్వను చూశాడు. "నాన" అన్నాడు.

అర నిమిషం ముచ్చట. కానీ పసివాళ్లకు మాట ఎలా వస్తుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చేసిన పరిశోధనల సారం చాలావరకు అందులోనే ఉంది. పిల్లవాడు దేనికి వేలు చూపాడో అవ్వ దాన్నే చూసింది. "లైలు కాదు, రైలు అను" అని సరిదిద్దలేదు. సరైన మాటను తన జవాబులోనే వినిపించి, దాని పక్కన 'పెద్ద' అని ఇంకో మాట చేర్చింది. ఒక ప్రశ్న అడిగింది. ఆ తర్వాత చేసిన పనే అన్నిటికన్నా విలువైనది. వాడి వంతు వచ్చేదాకా ఓపిగ్గా ఆగింది.

మన పశ్చిమ ప్రకాశం పలకల సీమ. మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో రాయిని పొరలు పొరలుగా చీల్చి, చెక్క చట్రం బిగించి చేసిన పలకలు ఎక్కడెక్కడి బడులకో వెళ్లాయి. నోటుపుస్తకాల రాకతో ఆ పరిశ్రమ తగ్గిపోయినా, చదువంటే పలకా బలపమే అన్న నమ్మకం మన ఇళ్లలో తగ్గలేదు. మూడేళ్లు నిండీ నిండకముందే 'అ' దిద్దించాలని ఆరాటం. ఆ చిన్న చేతిని ఎక్స్‌రే తీస్తే ఏం కనిపిస్తుందో తెలుసా? పెద్దవాళ్ల మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ల పిల్లల్లో సాధారణంగా రెండు మూడు మాత్రమే గట్టిపడి ఉంటాయి. మిగతావి ఇంకా మెత్తటి మృదులాస్థే. ఆ వయసు చేతికి కావలసింది బలపం కాదు, చపాతీ పిండి ముద్ద, తడి ఇసుక, ఒలవడానికి కందికాయలు. నోటికి, చెవికి కావలసింది మాత్రం మాట. అదీ తన వంతు తనకు దక్కే మాట.

వంతు అని ఊరికే అనడం లేదు. అమెరికాలో ఎం.ఐ.టి. పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 36 మందిని ఎంచుకుని, ఇంట్లో మాటలన్నీ నమోదయ్యేలా చిన్న రికార్డర్లు ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు కథ వింటుండగా వాళ్ల మెదళ్లను స్కాన్ చేశారు. 2018లో ఫలితాలు ప్రచురించారు. పెద్దవాళ్లు పిల్లల చెవిలో ఎన్ని మాటలు పోశారన్నది కాదు, పెద్దల మాటకు పిల్లలు, పిల్లల మాటకు పెద్దలు ఎన్నిసార్లు బదులు పలికారన్నదే లెక్కకు వచ్చింది. ఇలా మాటల మార్పిడి ఎక్కువగా జరిగిన పిల్లల్లో భాషకు సంబంధించిన మెదడు భాగం మరింత చురుగ్గా పనిచేసింది. తల్లిదండ్రుల సంపాదన, చదువు పక్కన పెట్టి చూసినా ఇదే తేలింది.

ఈ సంగతి మన అవ్వలకు ఎవరూ చెప్పలేదు. అయినా తెలుగింట్లో కథ చెప్పాలంటే ఒక షరతు ఉంది కదా, వినేవాళ్లు ఊఁ కొట్టాలి! ఊఁ లేకపోతే కథ ముందుకు పోదు. రెండేళ్ల పిల్లకు కథంతా అర్థం కాకపోవచ్చు, కానీ ఎక్కడ ఆగితే తన ఊఁ పడాలో దానికి తెలుస్తుంది. కథకు రెండు కొసలుంటాయని, ఒకటి తన చేతిలో ఉందని తెలుస్తుంది. పిల్లలకు మాట నేర్పడానికి మన భాష తయారుచేసి పెట్టిన పనిముట్లలో దీన్ని మించింది నాకు కనబడలేదు.

దీన్నే ఇంకాస్త సాగదీయవచ్చు. తెలిసిన కథే పది రాత్రులు చెప్పి, పదకొండో రాత్రి మధ్యలో ఆగండి. "అప్పుడు కాకి ఏం చేసిందీ..." అని సాగదీసి ఊరుకోండి. మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు అది చాలా పొడుగ్గా అనిపిస్తుంది. పసివాడికి మాట వెతుక్కుని, నాలుక తిప్పుకుని, బయటికి తేవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. మనం తొందరపడి అందించేసే జవాబుల్లో చాలావరకు వాడి నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయినవే.

ఇక్కడే ఫోను సంగతి చెప్పుకోవాలి. సియాటిల్‌లో ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో ఒక ప్రయోగం ప్రచురించింది. ఇంట్లో ఇంగ్లీషే వినే 9 నెలల పిల్లలతో చైనా భాష మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని పన్నెండు విడతలు ఆడారు. పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. ఆ మనుషులనే, ఆ మాటలనే టీవీలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. తెర మీది బొమ్మ ఎంత ముద్దుగా పాడినా పిల్ల ఊఁ కోసం ఆగదు. రెండేళ్లలోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టవద్దని, ఆపైన నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటనివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

అయితే మన ప్రాంతంలో ఫోను అంటే పాటల బొమ్మలు మాత్రమే కాదు. వర్షం మొహం చాటేసిన ఏడు పనుల కోసం అమ్మానాన్నలు ఊరు దాటితే, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండిపోతారు. వాళ్లకు అమ్మ మొహం కనిపించేది ఫోనులోనే. అలాంటి ఇళ్లవాళ్లు దిగులుపడనక్కర్లేదు. రెండు, రెండున్నరేళ్ల పిల్లలు రికార్డు చేసిన వీడియోలో చూసి నేర్చుకోలేని కొత్త మాటను, వీడియో కాల్‌లో ఎదుటి మనిషి తమకు బదులిస్తూ మాట్లాడితే నేర్చుకున్నారని 2014లో మరో అధ్యయనం చూపింది. కాబట్టి కాల్ చేసినప్పుడు "తిన్నావా? సరే" అని పెట్టేయకండి. "ఏం తిన్నావ్? నాకూ పెట్టు, ఆఁ..." అని నోరు తెరవండి. పిల్ల తెరకు బువ్వ పెడుతుంది. మీరు నమిలి "అబ్బ, పప్పు ఎంత కమ్మగా ఉందో!" అనండి. దూరాన ఉన్నా ఆట నడుస్తుంది.

బువ్వ, లాల, జోజో, జేజ లాంటి ముద్దుమాటలతో భాష పాడవుతుందని కొందరు చదువుకున్న తల్లిదండ్రులు భయపడతారు. అదేం లేదు. చిన్నగా, అచ్చులతో ముగిసే ఈ మాటలు లేత నాలుకకు తేలిక. గొంతు సన్నం చేసి, సాగదీసి ముద్దుగా మాట్లాడితే పసికందులు చెవులు రిక్కించి వింటారు. "బువ్వ" అని పిల్ల అంటే "బువ్వ కావాలా? వేడి బువ్వలో నెయ్యి వేయనా?" అని మనం పెంచితే చాలు. తండాల్లో లంబాడీ, కొన్ని ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. ఆ ఇళ్లు ఆ భాషలోనే మాట్లాడాలి. రెండు భాషలు వింటే పిల్లలకు మాటలు ఆగిపోవు. రాని ఇంగ్లీషులో "ఆపిల్ చూపించు, నోస్ చూపించు" అని పరీక్ష పెట్టడం కన్నా, మనసులో మాట ధారాళంగా వచ్చే భాషే పిల్లకు బలం.

ఇంటి భాష పిల్ల చెవిని ఎంత తొందరగా తీర్చిదిద్దుతుందో చూడండి. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ కెనడాలో చేసిన అధ్యయనంలో, ఇంగ్లీషు ఇళ్ల పసివాళ్లు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట ధ్వనుల తేడాను గుర్తుపట్టారు. ఏడాది దగ్గరపడేసరికి వాళ్లలో చాలామంది ఆ తేడా పోల్చలేకపోయారు. హిందీ వింటూ పెరిగిన పిల్లలు నిలుపుకున్నారు. మన 'తాత', 'టాటా' వేరువేరని పాపాయి చెవి పళ్లు రాకముందు నుంచే సాధన చేస్తోందన్నమాట.

ఆటల సంగతికి వస్తే, కొనాల్సింది ఏమీ లేదు. అరచేతిలో మోచేత్తో పప్పు రుబ్బి, ఒక్కో వేలికి ముద్ద పెట్టి, ఆపైన రెండు వేళ్లతో చేతి మీద నడుచుకుంటూ వెళ్లి చంకలో చక్కిలిగిలి పెట్టే ఆట ఉంది కదా! అందులో అయిదు పేర్లున్నాయి, వరస ఉంది, లెక్క ఉంది, వేళ్లకు స్పర్శ ఉంది. చంక దగ్గరికి వచ్చే ముందు ఆగిపోండి. "ఇంక, ఇంక" అని పిల్ల అడగకపోతే చూడండి. అంట్లు తోమేటప్పుడు పెద్ద గిన్నె, చిన్న గిన్నె, మూత, గరిటె ముందు వేస్తే ఏది దేనిలో పడుతుందో, ఏ మూత దేనికి సరిపోతుందో పిల్ల తేల్చుకుంటుంది. సీసాలో గుప్పెడు కందులు పోసి మూత గట్టిగా బిగిస్తే గిలక తయారు. ఒక జాగ్రత్త మాత్రం మరవద్దు. మూడేళ్లలోపు పిల్లల చేతికి చింతగింజలు, వేరుశనగ గింజలు విడిగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

మూడు, నాలుగేళ్ల వాళ్లకు మన రైలుమార్గమే ఒక ఆట. వినుకొండ, దొనకొండ, గజ్జెలకొండ, అన్నీ కొండలే! "విను..." అని మీరంటే "కొండ" అని వాళ్లు. తర్వాత చప్పట్లు: దొ-న-కొం-డ, నాలుగు. గ-జ్జె-ల-కొం-డ, అయిదు. పొ-ది-లి మూడు, కం-భం రెండే. నవ్వుకుంటూ ఆడే ఈ ఆటకు అసలు చదువుతో సంబంధముంది. మాటల్లో ప్రాసను, తొలి ధ్వనిని పసిగట్టగల నాలుగైదేళ్ల పిల్లలు తర్వాత చదవడంలో ముందుంటారని బ్రిటన్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో చూపారు. మన లిపిలో ఒక్కో చప్పట్లో పలికే ముక్కే రేపు పలక మీద అక్షరంగా కూర్చుంటుంది.

ఇంట్లో చేసిన బొమ్మలతో ఏం ఒరుగుతుందని అనుకునేవాళ్లకు జమైకా కథ చెప్పాలి. 1986–87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో, సరైన తిండి లేక ఎదుగుదల తగ్గిన 129 మంది పసివాళ్లతో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం ఒక అధ్యయనం మొదలుపెట్టింది. ఆరోగ్య కార్యకర్తలు కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట వెళ్లి, ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతో పిల్లలతో ఎలా ఆడాలో, మాట్లాడాలో తల్లులకు చూపించారు. రెండేళ్లు అంతే చేశారు. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే, ఆ పిల్లల సంపాదన అలాంటి తోడు దక్కని పిల్లల కన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. ముంజకాయల బండి, జొన్న బెండ్ల ఎద్దులు చేసిచ్చే తాతలున్న ఊళ్లు మనవి. ఆ బండి తోస్తూ "ఏ ఊరు పోతన్నావు? ఏం తెస్తావు?" అని అడిగే మనిషి పక్కన ఉండాలి, అంతే.

ఆటలతోనే తీరని సమస్యలూ ఉంటాయి. ఏడాది నిండినా ముద్దుపలుకులు, వేలు చూపడం లేకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే" అని ఊరుకోవద్దు. మొదట వినికిడి పరీక్ష చేయించాలి. చెవిలో చీము కారుతుంటే అసలే ఆలస్యం చేయకూడదు. అంగన్‌వాడీ టీచరుకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గాని చెబితే దారి చూపుతారు. త్వరగా పట్టుకుంటే చేయగలిగింది చాలా ఉంటుంది.

రాత్రి ఆరుబయట నులక మంచం మీద కథ నడుస్తూ ఉంటుంది. ఊఁ... ఊఁ... అని వినిపిస్తూ వినిపిస్తూ సన్నబడి, ఆగిపోతుంది. అవ్వ దుప్పటి కప్పుతుంది. కొన్నాళ్లకు ఒక రాత్రి ఆ పిల్లే "అవ్వా, నేను చెప్తా" అని మొదలుపెడుతుంది. కాకి, కుండ, రైలు, నాన్న, అన్నీ కలగలిసిన కథ. రెండు మాటలు చెప్పి ఆగి, అవ్వ చెంప తన వైపు తిప్పుకుంటుంది, "ఊఁ అను" అని.